బరువు తగ్గాలంటే నూనె డబ్బా దగ్గర మొదలుపెట్టండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 39, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 74 కేజీలు. ఇంట్లోనే బట్టలు కుడతారు, మిషన్ ముందు నుంచి లేచే తీరిక ఉండదు. రెండేళ్ల కిందట అన్నం పూర్తిగా మానేసి మూడు నెలల్లో 9 కేజీలు తగ్గారు, ఆ తర్వాత ఏడాదిలోనే 11 కేజీలు పెరిగారు. మీవారు చూడటానికి సన్నగానే ఉంటారు గానీ పొట్ట వచ్చింది, ఈమధ్య షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. బాబుకి 11 ఏళ్లు, 52 కేజీలు. క్లాసులో పిల్లలు ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారని ఇంటికొచ్చి ఏడుస్తున్నాడు. మీ అత్తగారేమో ‘ఎదిగే పిల్లాడు, వాడి తిండి మీద మీ కళ్లేంటి’ అంటున్నారు. ‘నేను తినేది తక్కువే, అయినా ఎందుకిలా? మళ్లీ డైట్ చేయమంటారా? బాబు చేత కూడా చేయించాలా?’ అని అడిగారు.

గుంటూరులో 23 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను. మీరు డైట్ మొదలుపెట్టొద్దు. బాబు చేత అసలే చేయించొద్దు. మీ ఇంట్లో నలుగురు ఉన్నారు, నలుగురి తిండీ ఒకే పొయ్యి మీద నుంచి వస్తోంది. ఒకరికి పొట్ట, ఒకరికి బరువు, ఒకరికి షుగర్ బార్డర్ అని మూడు రకాలుగా కనిపిస్తున్నా మూలం చాలావరకు ఒక్కటే. ఒక మనిషి కంచం ఒక్కటీ మారిస్తే మూడు నెలలు నిలుస్తుంది. ఇంటి వంట మారితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇన్నేళ్లలో నా దగ్గరకొచ్చి తగ్గిన బరువు నిలబెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఇంటిల్లిపాదీ కలిసి మారినవాళ్లే.

ముందు ఆ 11 కేజీల సంగతి. మీకు పట్టుదల లేదని, నోరు కట్టుకోలేకపోయారని చాలామంది అనే ఉంటారు. మీరూ అదే నమ్ముతున్నట్టు ఉన్నారు. అది నిజం కాదు. బరువు వేగంగా తగ్గినప్పుడు ఒళ్లు దాన్ని కరువు వచ్చిందన్నట్టే తీసుకుంటుంది. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ ‘నిల్వలు ఉన్నాయి, చాలు’ అని మెదడుకు చెబుతూ ఉంటుంది. కొవ్వు తగ్గితే అదీ తగ్గుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పది వారాల కఠినమైన డైట్‌తో బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. ఏడాది గడిచినా వాళ్ల ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. అంటే డైట్ ఆపేశాక కూడా ఏడాది పాటు మీ ఒళ్లు ‘తిను, తిను’ అని పోరుతూనే ఉంది. దానికి తోడు మీరు అన్నం మానేశారు గానీ పప్పు, గుడ్డు పెంచలేదు, కండకు పని చెప్పలేదు. పోయిన 9 కేజీల్లో కండ కూడా పోయింది, తిరిగి వచ్చిన 11లో ఎక్కువగా కొవ్వే వచ్చి ఉంటుంది. అందుకే ‘అప్పటికన్నా ఇప్పుడు నీరసం ఎక్కువ’ అని రాశారు.

ఇప్పుడు అంకెలు. కేజీల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. మీది దాదాపు 30. చాలా దేశాల్లో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం అంటారు. మన భారతీయులకు మాత్రం 23 దాటగానే అధిక బరువు, 25 దాటగానే స్థూలకాయం అని మన వైద్య నిపుణులు 2009లో ఒక మాట మీదకు వచ్చారు. తక్కువ బరువులోనే మనకు షుగర్, గుండె జబ్బులు మొదలవుతుండటమే కారణం. ఇది మీ ఒక్క ఇంటి కథ కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో బీఎంఐ 25, ఆపైన ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 24 శాతమే. మన రెండు రాష్ట్రాల వంటిళ్లలో ఏదో జరుగుతోందని ఈ ఒక్క తేడా చాలు చెప్పడానికి.

మీవారి విషయానికి వస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆయన సంగతే. ‘సన్నగానే ఉంటారు’ అని మీరు పక్కన పెట్టేశారు. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోను పక్కపక్కనే వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. చొక్కా వేసుకుంటే ఇద్దరూ సన్నవాళ్లే! మన జాతి తీరు అది. చేతులు, కాళ్లు సన్నగా ఉంటాయి, కండ తక్కువగా ఉంటుంది, కొవ్వు వెళ్లి పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. చర్మం కింద చేరే కొవ్వు కన్నా లోపల చేరే ఈ కొవ్వే, షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు.

అందుకే ఆయన్ని కాటా ఎక్కించేకన్నా నడుము కొలవండి. మీ దగ్గర కుట్టు టేపు ఎలాగూ ఉంది. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, పొట్ట ఉన్న మగవాళ్లు బెల్టు పొట్ట కిందకి పెట్టుకుంటారు. సైజు 34 అని చెప్పి టేపు పెడితే 39 వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో, ఒంటికి తగిలేలా, బిగించకుండా టేపు పెట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాక్కోనివ్వకూడదు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే సుమారు 35 అంగుళాలు, 31 అంగుళాలు. మీకూ కొలుచుకోండి. చీర కట్టుకునేవాళ్లకు లంగా బొందు ఎప్పటికప్పుడు వదులు చేసుకునే వీలుంటుంది కాబట్టి నడుము పెరిగిన సంగతి ఏళ్ల తరబడి తెలియదు.

‘తినేది తక్కువే’ అన్నారు. మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనను. తినేటప్పుడు లెక్కలోకి రానిది చాలా ఉంటుంది, అంతే. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన కొద్దిమందిని న్యూయార్క్‌లో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చు చేసే తీరు, మామూలుగానే ఉంది. నిజంగా తింటున్న దాంట్లో దాదాపు సగమే వాళ్లు కాగితం మీద రాశారు. మన దగ్గర ఆ మిగతా సగం ఎక్కడుంటుందో నాకు ఒకామె దగ్గర బాగా అర్థమైంది. మధ్యాహ్నం ఒక్క పూటే అన్నం తింటానని, ఉదయం కాఫీ తప్ప ఏమీ ముట్టనని చెప్పింది. రెండు రోజుల పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ వెంటనే రాయమన్నాను. పిల్లాడు వదిలేసిన దోశ ముక్క. ఉప్పు చూడటానికి రెండు గరిటెల కూర. అందరూ తిన్నాక మూడు గంటలకు కూర్చుని, గిన్నెలో మిగిలిన అన్నం పారేయడం ఇష్టం లేక మొత్తం కలుపుకుని తినడం. మూకుడు అడుగున నూనె తేలిన వేపుడు అందులోనే కలుపుకోవడం. సాయంత్రం పిల్లలకు తీసిన డబ్బాలోంచి నాలుగు జంతికలు. ఇంటి ఇల్లాలు ఆఖరున తింటుంది, మిగిలింది ఆమె ఖాతాలోకి వెళుతుంది. ఆ కాగితం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు నేను చెప్పింది ఒక్కటే: అందరితో పాటు కూర్చుని తినండి, మీ కంచంలో మీది పెట్టుకోండి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి. మీరు కూడా రెండు రోజులు రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

వయసు పెరిగి మెటబాలిజం తగ్గిపోయిందేమో అని కూడా అడిగారు. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 29 దేశాల నుంచి ఆరు వేలకు పైగా మనుషుల లెక్కలు కలిపి చూశారు. ఒళ్లు ఖర్చు చేసే శక్తి, శరీర పరిమాణం తేడాలు తీసేసి చూస్తే, 20 నుంచి 60 ఏళ్ల వరకు ఇంచుమించు నిలకడగానే ఉంటుందని తేలింది. 39కి అది నెపం కాదు.

ఇక నూనె డబ్బా. మీ ఇంట్లో నూనె ప్యాకెట్ కట్ చేసిన రోజు, దాని మీద స్కెచ్ పెన్‌తో తేదీ వేయండి. అయిపోయిన రోజు కూడా చూడండి. నలుగురున్న ఇళ్లలో లీటరు ప్యాకెట్ ఆరు రోజులకు అయిపోవడం నేను మామూలుగా చూస్తుంటాను. అంటే నెలకు ఐదు లీటర్లు, మనిషికి రోజుకు 38 గ్రాములు. ఇందులో ఆవకాయలో తేలే నూనె లేదు, నెయ్యి లేదు, బయట తిన్న బజ్జీలు, బిర్యానీ లేవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండు వేల కేలరీల రోజువారీ తిండికి సుమారు 27 గ్రాముల నూనె సరిపోతుందని చెబుతుంది. గ్రాము నూనెకు 9 కేలరీలు. ఆ 11 గ్రాముల తేడా రోజుకు వంద కేలరీలు. కంచంలో అది కంటికి ఆనదు, కడుపుకు తెలియదు, ఏళ్ల తరబడి పోగవుతూ ఉంటుంది.

కాబట్టి మొదటి నెల ఒక్క పనే చేయండి. నెలకు సరిపడా మూడు లీటర్ల నూనె తెచ్చి పెట్టండి, నెలాఖరు దాకా కొత్త ప్యాకెట్ కొనొద్దు. సీసాలోంచి మూకుడులోకి వంపకుండా చెంచాతో కొలిచి వేయండి. దొండకాయ, బంగాళాదుంప, అరటికాయ వేపుళ్లు వారానికి ఒకసారి చాలు. మిగతా రోజుల్లో వాటినే ఆవిరి మీద ఉడికించి, రెండు చెంచాల నూనెలో తాళింపు వేసి, కొబ్బరి కారమో వెల్లుల్లి కారమో చల్లండి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ పాలు పోసి వండినా, పెసరపప్పు వేసి వండినా నూనె పెద్దగా అడగవు. వంకాయ మాత్రం ఎంత పోస్తే అంత పీల్చేస్తుంది, దాన్ని కాల్చి పచ్చడి చేయండి. వేయించిన నూనె మిగిలితే మర్నాడు కూరకు వాడే అలవాటు ఉంటుంది చాలా ఇళ్లలో, అది మానండి. ‘ఏ నూనె మంచిది’ అని అందరూ అడుగుతారు. వేరుశనగ, నువ్వులు, తవుడు, పొద్దుతిరుగుడు ఏదైనా మార్చి మార్చి వాడుకోండి. గానుగ నూనె అయినా గ్రాముకు తొమ్మిదే.

అన్నం మానొద్దు. మన భోజనం నడక చూడండి. పప్పన్నం, కూరన్నం, మధ్యలో నెయ్యి వేసుకుని పచ్చడి ముద్ద, చారన్నం, చివర పెరుగన్నం. ఒక్కో వంటకానికీ మళ్లీ అన్నం పెట్టుకోవాల్సిందే. పెరుగన్నం పడకపోతే భోజనం పూర్తయినట్టే అనిపించదు మనకు. ఆ వరస మన ఒంట్లో ఇంకిపోయింది, దాన్ని తెంచమంటే మూడు నెలలు తెంచి నాలుగో నెల రెట్టింపు తింటాం. మీ విషయంలో జరిగింది అదే. వరస అలాగే ఉంచి కొలత మార్చండి. రైస్ కుక్కర్‌తో పాటు ఒక ప్లాస్టిక్ కప్పు ఇస్తారు కదా, ఆ కప్పు నిండా బియ్యం పోస్తే సుమారు 150 గ్రాములు, ఐదు వందల కేలరీలకు పైనే. ఇప్పుడు రోజు మొత్తం మీద ఎన్ని కప్పులు పోస్తున్నారో చూసి, నలుగురికీ కలిపి ఒక్క కప్పు తగ్గించండి. ఆ స్థానంలో పప్పు, కూర పెంచండి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దంటాయి. మన దగ్గర అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

ఇంకో చిన్న మార్పు చేసి చూడండి. కంచంలో ముందు కూర, పప్పు మాత్రమే వడ్డించండి. కూరలో సగం ఉత్తిదే తిన్నాక అన్నం పెట్టుకోండి. కూరగాయలు, మాంసకృత్తులు ముందు వెళితే తిన్నాక షుగర్ పెరిగే వేగం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది, మీవారికి ఇది నేరుగా పనికొస్తుంది. కూర ఉత్తిగా తినాలంటే ఉప్పు, కారం కూడా తగ్గించి వండాల్సి వస్తుంది, అదీ మంచిదే.

మాంసకృత్తుల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో పప్పు ఉంటుంది గానీ అందులో నీళ్లే ఎక్కువ. నలుగురికి చారెడు కందిపప్పు వేసి గిన్నెడు పప్పు చేస్తాం. ఒక్కొక్కరికి పూటకు గుప్పెడు పచ్చిపప్పు పడాలి. ఉదయం పెసరట్టు వేయండి, మధ్యలో ఉప్మా లేకుండా, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి. వారంలో మూడు రోజులు అదే టిఫిన్ అయినా విసుగు రాదు. గుడ్లు తినేవాళ్లయితే రోజుకొకటి. ఉలవచారులో వెన్న తగ్గించుకుంటే అది బంగారం. చేపలు పులుసు పెట్టండి, వేయించొద్దు.

చిరుధాన్యాల గురించి అడిగారు. కొర్రలు, సామలు, జొన్నలు, రాగులు మంచివే, పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ వంద గ్రాముల కొర్ర బియ్యంలో, వంద గ్రాముల మామూలు బియ్యంలో కేలరీలు ఇంచుమించు సమానం. కొర్రన్నం కదా అని రెండోసారి పెట్టుకుంటే లాభం లేదు. పరగడుపున నిమ్మరసం తేనె నీళ్లు, మెంతుల నీళ్లు, కొవ్వు కరిగించే టీ పొడులు: వీటి మీద డబ్బు పెట్టొద్దు.

సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఉండే మూడు గంటలు చాలా ఇళ్లలో బరువుకు పునాది. మీరు మిషన్ దగ్గర కూర్చుని రోజుకు నాలుగు టీలు తాగుతానన్నారు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. అంటే 40 గ్రాములు, 160 కేలరీలు, టీతో పాటు వచ్చే బిస్కట్లు కాక. నాలుగు టీలను రెండు చేయండి, ప్రతి చెంచా పంచదారనూ అరచెంచా చేయండి. నాలుక పది పదిహేను రోజుల్లో అలవాటు పడుతుంది, నేను మా ఇంట్లోనే చూశాను. ప్యాకెట్లలో వచ్చే తిండి విషయంలో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2019లో ఒక పరీక్ష ప్రచురించింది. ఇరవై మందిని ఒకచోట ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు తిండి కావలసినంత పెట్టారు. వడ్డించిన రెండు రకాల తిండిలోనూ పంచదార, కొవ్వు, పీచు సమానంగానే ఉండేలా చూశారు. అయినా ప్యాకెట్ తిండి పెట్టిన రోజుల్లో తమకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. చిప్స్ ప్యాకెట్ ముందు ఓడిపోయేది మీ బాబు ఒక్కడే కాదు. దాన్ని గెలవడానికి ఒక్కటే దారి, అది ఇంట్లో లేకపోవడం.

నడక మొదలుపెట్టానని, అరగంట నడిచినా కాటా కదలడం లేదని రాశారు. మీ బరువుకు అరగంట నడిస్తే సుమారు 120 కేలరీలు ఖర్చవుతాయి, రెండు సమోసాలకు అది చాలదు. బరువు తగ్గడంలో తిండి పాత్రే ఎక్కువ. తగ్గిన బరువు నిలబడటానికి, లోపలి కొవ్వు కరగడానికి, కండ మిగలడానికి మాత్రం నడక, వ్యాయామం కావాలి. వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసపు లెక్క. దాన్ని ఒకేసారి నడవక్కర్లేదు. భోజనం అయ్యాక పది నిమిషాలు, రెండు పూటలా మీరిద్దరూ నడవండి. మిషన్ దగ్గర ఒక జాకెట్టు అయిపోయిన ప్రతిసారీ లేచి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. రోజుకు ఆరు జాకెట్లు కుడితే అరవై అయ్యాయి. తొడ కండలు ఒంట్లోని పెద్ద కండల్లోవి, షుగర్‌ను బాగా వాడుకునేవి కూడా.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ బార్డర్‌లో ఉన్నవాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధన మీవారికి చెప్పండి. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో బరువు చెప్పుకోదగ్గంత తగ్గకపోయినా, షుగర్‌లోకి వెళ్లే ముప్పు 28 శాతం తగ్గింది. ‘నేను సన్నగానే ఉన్నాను కదా, నాకెందుకు’ అనే మాటకు ఇంతకన్నా జవాబు లేదు.

దసరా, సంక్రాంతి సీజన్లో రాత్రి ఒంటిగంట దాకా కుడతానన్నారు. ఆ రోజుల్లో పగలంతా తీపి మీదకు మనసు పోవడం గమనించారా? నిద్ర తగ్గితే ఆకలి హార్మోన్ పెరుగుతుంది, చాలన్న హార్మోన్ తగ్గుతుంది. ఆ సీజన్లో ఆర్డర్లు తగ్గించుకోమని నేను ఎలా చెప్పను, అది మీ సంపాదన. రాత్రి భోజనం మాత్రం ఎనిమిదిన్నరకల్లా ముగించి, పదకొండు దాటితే మిషన్ మూసి, తెల్లవారుజామున లేచి కుట్టడం కుదురుతుందేమో చూడండి.

ఇప్పుడు బాబు. మీ ప్రశ్న మొత్తంలో నా మనసును కలుక్కుమనిపించింది వాడు ఏడుస్తున్నాడన్న మాట. ఎత్తు రాయలేదు మీరు. పిల్లలకు పెద్దవాళ్ల బీఎంఐ లెక్క పనికిరాదు, వయసు, ఎత్తు, ఆడా మగా చూసి చార్ట్ మీద గుర్తు పెట్టాలి. పిల్లల డాక్టర్ దగ్గర ఆ చార్ట్ ఉంటుంది, ఒకసారి చూపించండి. వెళ్లేముందు ఒక పని చేయండి. వాడి మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా అయిందేమో చూడండి. మురికి అనుకుని సున్నిపిండి పెట్టి తోమి తోమి పిల్లల మెడ ఎర్రగా కమిలిపోయేలా చేసిన తల్లులను చూశాను. అది మురికి కాదు, తోమితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువవుతోందనడానికి గుర్తు. అది ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

వాడు బరువు తగ్గక్కర్లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఎదిగే వయసు కాబట్టి చాలామంది పిల్లలకు బరువు ఉన్నచోట ఆగితే చాలు, ఎత్తు పెరిగే కొద్దీ లెక్క సర్దుకుంటుంది. అందుకని కంచం లాక్కోవడం, అందరూ తింటుంటే వాడికి మాత్రం పుల్కా పెట్టడం చేయొద్దు. అలా చేస్తే స్కూల్లో పెట్టిన పేరు ఇంట్లో కూడా పెట్టినట్టే అవుతుంది. దొంగచాటుగా తినడం అక్కడే మొదలవుతుంది. వాడి బరువు గురించి వాడి ముందు చుట్టాలతో మాట్లాడొద్దు, ముద్దుకైనా సరే. నలుగురికీ ఒకే వంట, ఒకే కంచం. ఫోన్ చూస్తూ తినడం నలుగురూ మానాలి, మీవారితో సహా. పాలల్లో కలిపే చాక్లెట్ పొడి మానేసి ఉత్త పాలు ఇవ్వండి, మొదటి వారం గొడవ చేస్తాడు, తర్వాత తాగుతాడు. చాలా కూల్ డ్రింకుల్లో 250 మిల్లీలీటర్లకు ఐదు చెంచాల పంచదార ఉంటుంది. ఇంట్లో సీసా పెట్టకండి, పెళ్లిలోనో పుట్టినరోజుకో తాగితే తాగనివ్వండి.

ఆట గురించి స్కూల్లో అడగండి. వారానికి ఎన్ని ఆటల పీరియడ్లు ఉన్నాయి, అందులో ఎన్ని లెక్కల సార్ తీసుకుంటున్నారు? ఈ వయసు పిల్లలకు రోజుకు గంట సేపు చెమట పట్టే ఆట కావాలి, తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. ట్యూషన్ నుంచి ఏడున్నరకు వస్తాడన్నారు. ఆ ట్యూషన్‌లో వారానికి రెండు రోజులు తగ్గించి, వీధిలో సైకిలో షటిలో ఆడుకోనివ్వండి. మార్కులు పోతాయన్న భయం తల్లిగా నాకూ తెలుసు, అయినా ఇదే చెబుతాను. పేరు పెట్టి పిలుస్తున్న సంగతి క్లాస్ టీచర్‌కు మీరే వెళ్లి చెప్పండి, వాడి చేత చెప్పించొద్దు.

డాక్టర్ దగ్గరకు మీరూ ఒకసారి వెళ్లాలి. థైరాయిడ్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు, బీపీ చూపించుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉంటే మాత్ర వాడాల్సిందే, కానీ దానివల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కేజీలే. నెలసరి క్రమం తప్పుతుంటే, రాత్రి గురక పెట్టి పగలు కునుకుపాట్లు పడుతుంటే, స్టెరాయిడ్ గానీ మానసిక సమస్యలకు మందులు గానీ వాడుతుంటే అవీ చెప్పండి. కొన్ని మందులకు బరువు పెంచే గుణం ఉంటుంది, అయినా మీ అంతట మీరు ఆపొద్దు.

వారానికోసారి వేసుకునే ఇంజక్షన్ల గురించి అడిగారు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ నిజంగానే పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్ పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపేసిన ఏడాదిలో తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది కూడా. బరువుతో పాటు షుగర్, కీళ్లు, గుండె సమస్యలున్నవాళ్లకు డాక్టర్ రాస్తే సిగ్గుపడకుండా వాడాలి, అది అడ్డదారి కాదు, వైద్యం. పెళ్లికి నాలుగు కేజీలు తగ్గడానికి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవడానికి మాత్రం కాదు. మీరు ముందు ఆరు నెలలు ఇంటి మార్పులు చేసి, రిపోర్టులు పట్టుకుని డాక్టర్‌తో మాట్లాడండి.

ఆరు నెలల్లో నాలుగైదు కేజీలు తగ్గితే చాలు మీకు. 60కి రావాలని పెట్టుకోవద్దు. అమెరికాలో 2002లో ప్రచురించిన డయాబెటిస్ నివారణ పరిశోధనలో, ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మీ లెక్కలో 7 శాతమంటే ఐదు కేజీలు. కాటా వారానికి ఒక్కసారి, టేపు నెలకొకసారి.

చివరిగా మీ అత్తగారు. ఆవిడను ఎదిరించి ఈ పనులేవీ జరగవు, జరగకూడదు కూడా. మనవడి నోట్లో ఇంకో ముద్ద పెట్టడం ఆవిడకు తెలిసిన ప్రేమ. ఆవిడ చిన్నప్పుడు కరువు చూసి ఉంటారు, బొద్దుగా ఉన్న పిల్లాడు ఆ రోజుల్లో ఇంటి అదృష్టం. సాయంత్రం తిండి బాధ్యత మొత్తం ఆవిడకే అప్పగించండి. బొబ్బర్లు, సెనగలు, ఉలవలు రాత్రే నానబెట్టి, పోపు వేసి గుగ్గిళ్లు చేయడం ఆవిడకు మీకన్నా బాగా వచ్చు. వేరుశనగకాయలు ఉడకబెట్టడం, మొక్కజొన్న కంకి కాల్చడం, జామకాయ కోసి ఉప్పుకారం చల్లడం కూడా. ట్యూషన్ లేని రోజు వాడు ఆడుకుని వచ్చేసరికి నాయనమ్మ చేతి గుగ్గిళ్ల గిన్నె వేడిగా ఉంటే, బిస్కట్ డబ్బా కోసం వెతకడు. నూనె ప్యాకెట్ మీద తేదీ వేసే పని కూడా వాడికే ఇవ్వండి, స్కెచ్ పెన్ వాడి దగ్గరే ఉంటుంది.

మూడు నెలల తర్వాత ఆ ప్యాకెట్ల తేదీలు, ముగ్గురి నడుము కొలతలు, బాబు ఎత్తు, బరువు రాయండి. అప్పుడు తర్వాతి మాట మాట్లాడుకుందాం.